చీర పక్కన వంకాయ

పిన్నీ,

ఈ ఉదయం నీ ఫోను తుడుస్తుంటే కెమెరా అద్దం చుట్టూ ఉన్న సన్నటి గాడిలో పసుపు కనిపించింది. గుండుసూది మొనంత. నీ వేలిదే అయ్యుంటుంది. పసుపు చేత్తో నేను ఫోను ముట్టుకోను కదా... తీయబోయి ఊరుకున్నాను. అద్దం మీదికి రాలేదు, ఉండనీ.

ఎలా ఉన్నావు అని అడగొచ్చా? అడుగుతున్నాను. నువ్వు వెళ్ళి ఏడు నెలలు దాటింది. పోయిన వారమే బాబాయి ఏడో మాసికం పెట్టాడు. శ్రావణం చివరికొచ్చింది. మన వీధి మలుపులో తామరపూలు అమ్మేవాళ్ళు సర్దుకుని వెళ్ళిపోయారు. తడి గోనెపట్టాల గుర్తులు మాత్రం రోడ్డు మీద ఉన్నాయి.

ముందుగది ఏమైందో చెప్పాలని రాస్తున్నాను.

నువ్వు పోయాక చీరలు అమ్మే పని నేను చూసుకుంటానన్నాను. నన్నెవరూ అడగలేదు. నేనే అన్నాను. బాబాయి భోజనం ఆపి నా వంక చూశాడు. ఆరో తరగతి నుంచి మీ ఇంట్లో ఉండి నారాయణగూడ కాన్వెంటుకు వెళ్ళొచ్చిన పిల్ల... చీరలు చూడ్డానికి ఎవరైనా గుమ్మంలోకి వస్తే పుస్తకం తీసుకుని వెనకగదిలోకి తప్పుకునే పిల్ల... ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. ముందుగదిలో బీరువా తీస్తే వచ్చే గంజి వాసన పోకూడదనిపించింది, అంతే.

శ్రావణం దాకా చూద్దాం అన్నాడు బాబాయి. పెళ్ళిళ్ళు, నోములు ఉన్న నెలలో కూడా చీరలు కదలకపోతే మిగిలినవి హోల్‌సేల్ షాపుకు తిరిగిచ్చేసి ముందుగది కిరాయికి ఇస్తానన్నాడు. కోపంగా కాదు. ఆయన ఏదీ కోపంగా అనడు కదా. అశోక్ నగర్‌లో గ్రూప్స్ కోచింగ్‌కు వచ్చిన ఇద్దరమ్మాయిలు అప్పటికే గది చూసి వెళ్ళారు. కిటికీ పక్కన టేబుల్ ఎటు తిప్పి వేసుకోవాలో కూడా మాట్లాడుకున్నారు. మంచి పిల్లలు పిన్నీ. సాయంత్రాలు నేను పనిచేసే పుస్తకాల షాపుకు కూడా వస్తారు. వాళ్ళ మీద నాకేం కోపం లేదు. కిటికీ గురించే బెంగపడ్డాను.

ఎందుకంటే ఆ కిటికీ లేకపోతే ఇంత చిన్న ఫోనుతో చీర ఫోటో తీయలేం. అది నువ్వు చెప్పిందే. "ఎండ నేరుగా పడితే చీర కళ్ళు మూసుకుంటుందే. నీడలో కూచోబెట్టు, అప్పుడు మొహం చూపిస్తుంది."

నీ పద్ధతులన్నీ నాకు గుర్తున్నాయనే అనుకున్నాను. "ముందు దాని కన్ను తుడువు." తుడిచాను. "దూరంగా నిలబడి పెద్దది చెయ్యకు, కాళ్ళు లేవూ? దగ్గరికి నడువు." నడిచాను. "ఫ్లాషు వేశావంటే జరీ కాస్తా గిల్టు అవుతుంది." వేయలేదు. నేనూ కొన్ని నేర్చుకున్నాను. చేతులు వణకకుండా మోచేతులు పక్కటెముకలకు ఆనించుకోవడం. మీట నొక్కినప్పుడు ఫోను కదలకుండా టైమరు పెట్టి చేతులు తీసేయడం. తెర మీద చీర అంచు దగ్గర వేలు పెట్టి కాసేపు నొక్కి ఉంచితే ఫోకస్ అక్కడే నిలుస్తుంది. అదే వేలు కిందికి జరిపితే ఎక్కువైన వెలుగు తగ్గుతుంది. ఇది నీకు తెలుసా? తెలిసే ఉంటుంది.

ఫోటోలు బాగా వచ్చాయి. పోగు పోగు కనిపించేది. నీ చీరల వాట్సాప్ గ్రూపులో అందరూ బాగుంది బాగుంది అన్నారు.

అయినా చీరలు వెనక్కి రావడం మొదలైంది. ఎన్ని అని అడక్కు...

అందరిదీ ఒకటే మాట. ఫోటోలో ఉన్న రంగు కాదని. చిలకపచ్చ అనుకున్నది ఇంటికి వెళ్ళాక వేరే పచ్చ. ఉల్లిపొర రంగు అనుకున్నది గులాబీ. నేను మళ్ళీ మళ్ళీ ఫోటోలు తీశాను. ట్యూబ్‌లైటు ఆపాను, మళ్ళీ వేశాను. ఫోను తనంతట తాను రంగులకు మెరుగు పెట్టే సెట్టింగు ఒకటుంది, అదీ ఆపాను. కాస్త నయం, అంతే. ఆషాఢం దాటేసరికి గ్రూపులో కొత్త చీర పెడితే ఎవరూ మాట్లాడడం మానేశారు. నీకు గుర్తుందా, నువ్వు పెట్టిన మరుక్షణం నాకంటే నాకని పోటీపడేవాళ్ళు. ఇప్పుడు చూసి ఊరుకునేవాళ్ళు.

ఆ అమ్మాయిలు గది ఎప్పుడు ఖాళీ అవుతుందని బాబాయిని మళ్ళీ అడిగారు.

అప్పుడే అనసూయక్క ఫోన్ చేసింది. ముషీరాబాద్‌లో కిరాణా కొట్టు నడిపే అనసూయక్క, నీ దగ్గర ప్రతి పండక్కీ కొనే ఆవిడ. ఫోను మోగి మోగి ఆగుతుందేమో అని చూశాను. ఆగలేదు. ఎత్తాను.

ఏంది బిడ్డా, నీలం అని తెప్పించుకుంటే వంకాయ రంగొచ్చింది, మీ పిన్ని ఉన్నప్పుడు గిట్ల ఎన్నడన్న అయిందా, అంది. క్షమించండి అన్నాను. క్షమించుడు తర్వాత గనీ, వంకాయ ఏది, అంది. నాకు అర్థం కాలేదు. ఆవిడే చెప్పింది. మీ పిన్ని చీర పక్కన వంకాయ పెడ్తుండె, ఉల్లిగడ్డ పెడ్తుండె. నా దుకాణంల ఉల్లిగడ్డ చేతుల పట్టుకుని నేను రంగు చూసుకుంటుంటి. నువ్వేమో ఎండిన పువ్వులు పెడ్తున్నవు. ఆ పువ్వు బతికున్నప్పుడు ఏ రంగుండెనో నాకేం ఎరుక... అని తనే నవ్వింది.

ఫోను పెట్టేసి నీ పాత ఫోటోలు తీసి చూశాను. ప్రతిదాంట్లో ఏదో ఒకటి ఉంది. వంకాయ, పసుపుకొమ్ము, తోటకూర, ఎండుమిరపకాయ. ఒకదాంట్లో అగ్గిపెట్టె. ఇన్నేళ్ళూ ఇవి చూస్తూనే ఉన్నాను. కూరలు తరుగుతూ మధ్యలో లేచొచ్చి ఫోటో తీసేదానివి కదా, చేతిలోది అక్కడే పెట్టి మరిచిపోయావనుకున్నాను! నా చేతికి పని వచ్చాక మొదట తీసేసినవి అవే. తెల్లదుప్పటి పరిచాను. పుస్తకాల్లో దాచుకున్న ఎండుపూలు పెట్టాను, మూలగా ఒక పుస్తకం కూడా. ఆ తెలుపు చూసి ఫోను వెలుగు తగ్గించుకుంటుందని, చీర నల్లబడుతుందని తర్వాత తెలిసింది.

నువ్వు ఒకసారి చెప్పావు కూడా. నేను కిటికీ దగ్గరే చదువుకుంటున్నాను. ఊఁ కొట్టాను గానీ వినలేదు. "ఫోను అబద్ధం చెప్తే చెప్పనీ. చీరకీ వంకాయకీ ఒకే అబద్ధం చెప్తుంది కదా."

ఎంత చిన్న మాట... తీసే ఫోను తప్పు చూపినా, అవతలివాళ్ళ ఫోను తప్పు చూపినా, వంకాయ అసలు రంగు వాళ్ళ వంటింట్లో ఉంది. దాన్ని బట్టి చీర తెలుస్తుంది. ఇది నీకు ఎవరు చెప్పారు? ఎక్కడైనా చదివావా? చదివితే నాకు చూపించేదానివే కదా. నీకు నువ్వే కనిపెట్టావా?

మర్నాడు జాకెట్టు ముక్కలు సంచిలో వేసుకుని మార్కెట్‌కు వెళ్ళాను. కూరగాయలామె ముందు కూచుని ఒక్కో వంకాయా తీసి ముక్క పక్కన పెట్టి చూస్తుంటే ఆవిడ తక్కెడ పక్కన పెట్టింది. తర్వాత, ఏం బిడ్డా, వంకాయకు చీర కడ్తవా, పెండ్లెప్పుడు, అంది. చుట్టూ నలుగురు నవ్వారు. శుక్రవారం, మీరూ రండి అన్నాను. పిన్నీ, నేనే అన్నాను. ఇంటికొచ్చేదాకా చెవులు వేడిగా ఉన్నాయి.

దుప్పటి తీసేశాను. నీ పాత గోధుమరంగు చాప పరిచాను. ట్యూబ్‌లైటు ఆపి, కిటికీ వెలుగు ఒక్కటే ఉంచి, కూరలు పెట్టి అన్నీ మళ్ళీ తీశాను. గ్రూపులో మొదట ఒక వంకాయ బొమ్మ వచ్చింది, అనసూయక్క పెట్టింది. తర్వాత ఇంకొకరు పెట్టారు. తర్వాత చీరల గురించి అడగడం మొదలుపెట్టారు.

నెమలికంఠం చీర ఒక్కటి మాత్రం లొంగలేదు. నువ్వు ఆఖరున తెచ్చినవాటిలోది. ఎటు నుంచి తీసినా ఒక ఫోటోలో పచ్చ, ఇంకో ఫోటోలో నీలం. దానికి ఏ కూర పెట్టను? వీడియో తియ్యాలి, మడత తిప్పుతూ చూపించాలి అంది అనసూయక్క. అంతటితో ఆగలేదు. మాట కూడా కావాలంది. మాటల్లేకుంట చేతులు ఆడిస్తే మూగపెండ్లి తీరుంటదట.

రెండు రోజులు ఆ చీర బయటికి తీయలేదు. నా గొంతు వందమంది ఫోన్లలో మోగుతుందని. బడిలో పద్యం అప్పజెప్పాల్సిన రోజున జ్వరం తెచ్చుకునేదాన్ని, గుర్తుందా? అప్పుడు నువ్వు తిట్టలేదు, ఒక మాట అన్నావు. ఆ మాటే ఇప్పుడు గుర్తు చేసుకున్నాను. "నిన్ను నువ్వు చూపించుకోవడానికి సిగ్గుపడితే పడు. ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి సిగ్గెందుకే?"

వరలక్ష్మీవ్రతం ముందురోజు ఉదయం తీశాం. ఫ్యాను ఆపేశాం, అది తిరుగుతుంటే మాట సగం గాలికి పోతుంది, కొంగు ఎగురుతుంది. పాత ఇనుము కొంటామనే బండి మైకు వీధి దాటేదాకా ఆగాం. నేను ఫోను వంక చూడలేదు. చీరనే చూస్తూ చెప్పాను. ఇది నెమలికంఠం. ఇటు మడిస్తే పచ్చ, అటు మడిస్తే నీలం. పోగులు రెండు రంగులు కాబట్టి. అంచు దగ్గర ఒకచోట నేత కొంచెం పలచబడింది, ఇదిగో ఇక్కడ. కట్టుకుంటే అది మడతల లోపలికి పోతుంది గానీ చెప్పడం మంచిది... అంతే మాట్లాడాను. చివర్లో కొనండి అనలేదు. నువ్వూ ఎప్పుడూ అనలేదు.

అది అనసూయక్కే తీసుకుంది. వ్రతం రోజున కట్టుకుని కొట్లో తూకం పక్కన నిలబడి ఫోటో పంపింది. ఆవిడ ఫోటో కాస్త కదిలింది. రంగు మాత్రం అదే.

ఆ తర్వాత ఏదీ వెనక్కి రాలేదు. బీరువాలో పై అర ఖాళీ అయింది. మొన్న ఆదివారం ఆ అమ్మాయిలు వస్తే బాబాయి వాకిట్లోనే నిలబెట్టి, గది ఇవ్వడం లేదమ్మా, ఏమనుకోకండి, వెనక వీధిలో ఇంకో ఇల్లుంది, నేను వచ్చి చూపిస్తాను అన్నాడు. చెప్పులేసుకుని వాళ్ళతో వెళ్ళాడు కూడా. వచ్చాక రెండేళ్ళుగా బిగిసిపోయిన కిటికీ గొళ్ళేనికి నూనె వేశాడు.

దసరాకు కొత్త చీరలు తేవాలి. ఎంచడానికి నువ్వు లేవు. అనసూయక్క తోడొస్తానంది. ముదురు ఎరుపులు ఈ ఫోనులో ఇంకా ముద్దగానే వస్తున్నాయి, అంచులో పని కనిపించడం లేదు. వెలుగు తగ్గించి చూస్తున్నాను, కిటికీకి పక్కగా వేసి చూస్తున్నాను. పండగలోపు నేర్చుకుంటాను పిన్నీ. నువ్వు దిగులు పెట్టుకోకు.

ఉంటాను.

నీ
వసుధ

ఒకటి చెప్పలేదు. నెమలికంఠం వీడియో చివర ఎవరో దగ్గుతారు. ఎవరని గ్రూపులో అడిగారు, నేను జవాబివ్వలేదు. అది బాబాయి. ఫోను పట్టుకున్నది ఆయనే.