తడి ఉంటే కదలని కారు

అక్టోబర్ 12, ఆదివారం

పొద్దున వాకిలి ఊడ్చడానికి చీపురు పట్టుకొని వెళితే, మా కారు చుట్టూ ఎవరో తెలియని మనిషి తిరుగుతున్నాడు. పుచ్చకాయ బేరం చేసేవాడిలాగా తలుపు మీద వేళ్ళతో కొట్టి వింటున్నాడు. వంగి కింద చూశాడు. టైరును కాలితో తన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఎవరప్పా నువ్వు అంటే, మీ నాయనే రమ్మన్నాడమ్మా, బండిని గుజరీకి వేసేస్తాడంట కదా అన్నాడు.

గుజరీ అంటే పాత ఇనుము. ముక్కలు చేసి కరిగిస్తారు.

నాన్న కాఫీ తాగుతూ అంతా నిదానంగా చెప్పాడు. కారుకి ముప్పై ఏడేళ్ళు. మొన్న శుక్రవారం అవ్వను కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంటే సన్న వానలో, మైసూరు రోడ్డు ఫ్లైఓవర్ నడిమధ్యలో ఆగిపోయింది. వెనక బస్సుల హారన్లు. అవ్వ గొడుగు పట్టుకొని పిట్టగోడ పక్కన గంటసేపు నిలబడింది. ఇప్పటికి ముగ్గురు మెకానిక్‌లు చూశారు. కార్బురేటర్ కడిగారు, ప్లగ్గులు మార్చారు, పెట్రోల్ పంపు మార్చారు. వాళ్ళ దగ్గర బుద్ధిగా స్టార్ట్ అవుతుంది. ఇంటికొచ్చాక మళ్ళీ అదే కథ.

నవంబర్ 7న పొద్దున తొమ్మిదికి రిజిస్ట్రేషన్ రెన్యూవల్ ఇన్‌స్పెక్షన్. ఆ రోజు తనంతట తాను ఆర్టీఓ ఆఫీసుకి పోతే ఇంట్లో ఉంటుంది, లేకపోతే మర్నాడు ఆ మనిషి లారీ తెస్తాడు. అదీ నాన్న తీర్పు.

అంతదాకా నేను చూస్తాను అన్నాను. నాన్న నవ్వాడు. బి.ఏ. చదివేదానివి, స్పానర్ పట్టుకుంటావా, పోయి కవితలు రాసుకో పో అన్నాడు.

కవితలు కూడా రాస్తాను. అది వేరే విషయం.

అక్టోబర్ 13, సోమవారం

ఈ డైరీ మొదలుపెట్టింది తెలుగు అక్షరాలు మర్చిపోకూడదని. మా బెంగళూరు స్కూల్లో నాది కన్నడ మీడియం. ఎండాకాలం సెలవుల్లో అవ్వ నేర్పింది, పార్వతమ్మ టీచర్ అని నేను ఏడిపించేదాన్ని. ఇంతవరకూ నచ్చిన మాటలు రాసుకున్నాను. తొలకరి. నులివెచ్చన. గునుపు. ఇకమీద కారు సంగతులు కూడా రాస్తాను.

ఈరోజు ఏడింటికి స్టార్ట్ కాలేదు. కాలేజీ నుంచి వచ్చాక మూడింటికి తాళం తిప్పితే ఒక్క దెబ్బకి లేచింది. ఎందుకో తెలియదు.

అక్టోబర్ 19, ఆదివారం

మాగడి రోడ్డు దగ్గర ఒక ఖాళీ సైటులో ఆదివారాలు కొంతమంది చేరి తమ పాత కార్లను తామే రిపేరు చేసుకుంటారని క్లాస్‌లో ఎవరో చెబితే వెళ్ళాను. ఎనిమిది కార్లు, అన్ని బానెట్లూ తెరిచి. ఒకాయన కారు కింద పడుకొని పాట పాడుతున్నాడు. ఇంకొకాయన సైలెన్సర్ మార్చి, శబ్దం ఎట్లా ఉండాది చెప్పండి అని అందరినీ పిలిచి వినిపిస్తున్నాడు. పెళ్ళివారిల్లులా ఉంది.

అక్కడ శశికళ ఆంటీ పరిచయమైంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో లైన్లు టెస్ట్ చేసే ఉద్యోగం చేసి రిటైరైంది. చీర మీద మగవాళ్ళ ఫుల్ షర్టు, కొంగు నడుముకి చుట్టి. తన పసుపు కారులో వైరింగ్ మొత్తం తానే వేసుకుందట. ప్రతి వైరుకీ చీటీ కట్టి ఉంది, చేతిరాత ముత్యాల్లా ఉంది.

నీ బండి ఏం చేస్తాది అని అడిగింది. ప్రాబ్లం ఇస్తుంది ఆంటీ అన్నాను. అది మాటే కాదు కణమ్మా అంది, కన్నడం కలిపిన తెలుగులో. దగ్గుతాదా, ఎక్కిళ్ళు పెడతాదా, మూలుగుతాదా, అసలు నోరే తెరవదా? మాటలంటే ప్రాణం అని చెప్పుకునేదాన్ని! ఏడు రోజులు ఆ కారును విని, ఒక్క సరైన మాట తేలేకపోయాను.

ఆమె రెండు నియమాలు చెప్పింది. పూటకి ఒక్కటే మార్చాలి. పనిచేసిందీ, చేయనిదీ రెండూ రాయాలి. సుమ్మనే, ఊరికే విప్పద్దు, విప్పే చేతికంటే వినే చెవి ఎక్కువ పని చేస్తాది అంది. నేను వచ్చి చూడను, నీ బండి నువ్వే చూసుకో అని కూడా అంది. మొదట కోపం వచ్చింది. బస్సులో వచ్చేటప్పుడు గర్వంగా అనిపించింది.

అక్టోబర్ 20, సోమవారం

ఉదయం 6.50. మబ్బు. స్టార్టర్ తిరుగుతుంది, ఇంజన్ పట్టుకోబోయి వదిలేస్తుంది. దగ్గు కాదు. ఎక్కిళ్ళు.

అక్టోబర్ 22, బుధవారం

రాత్రంతా వాన. పక్కింటివాళ్ళ దీపావళి టపాకాయలు తడిసిపోయాయి. మా కారు కూడా తడిసిన టపాకాయే. పొద్దున లేవలేదు. పన్నెండుకి ఎండ వచ్చింది, లేచింది.

అక్టోబర్ 24, శుక్రవారం

ఆంటీకి ఫోన్ చేసి నా పట్టిక మొత్తం చదివి వినిపించాను. పన్నెండు రోజులు, పొద్దున, మధ్యాహ్నం. తడి పొద్దున ఎక్కిళ్ళు. ఎండ ఎక్కితే ఏ జబ్బూ లేదు. మెకానిక్‌లు షెడ్డు తెరిచేదే పదకొండుకి, అందుకే వాళ్ళకి ఎప్పుడూ దొరకలేదు! ఇది నేనే కనిపెట్టాను, నేనే చెప్పాను. ఆంటీ తడి రోజులవి ఇంకోసారి చదివించుకుంది. తర్వాత, ఎక్కిళ్ళంటే పెట్రోల్ కాదు, కరెంటు అంది. తడిలో కరెంటు ఎక్కడో దారి తప్పుతా ఉండాది. తెల్లారకముందే బానెట్ ఎత్తి, తల మీద దుప్పటి కప్పుకొని, ఎవరినైనా తాళం తిప్పమను. దూరం నుంచి చూడు, చెయ్యి మాత్రం పెట్టద్దు అంది.

అక్టోబర్ 26, ఆదివారం, ఉదయం 6.10

వరుసగా రాయాలి.

నాన్న నిద్రలో ఉన్నాడు. అవ్వ స్నానం చేసి వచ్చింది. అవ్వా, తాళం తిప్పుతావా అంటే, ముప్పై ఏడేళ్ళలో ఆ సీటులో ఎవరూ కూర్చోమనలేదు పాపా అంటూ చీర సర్దుకొని డ్రైవర్ సీట్లో కూర్చుంది. గేరు న్యూట్రల్, హ్యాండ్‌బ్రేక్ లాగాను, రెండుసార్లు చూసుకున్నాను. దుప్పటి కప్పుకున్నాను. చీకటి, చన్నీళ్ళ వాసన. ఊఁ అవ్వా అన్నాను.

కనిపించింది.

ఇంజన్ మీద ఒక నల్లటి గుండ్రటి మూత ఉంటుంది, డిస్ట్రిబ్యూటర్ క్యాప్. నాలుగు ప్లగ్గులకీ కరెంటు పంచేది అదే. దాని నెత్తి మీద నుంచి కరెంటు తెచ్చేది ఒకటి, పంచేవి నాలుగు, ఐదు లావు వైర్లు జడల్లా లేస్తాయి. ఆ జడల మధ్య నీలం దారం ఒకటి పాకింది. టిక్. మళ్ళీ. టిక్. ఒక వైరు మొదట్లోంచి పక్క వైరు మొదట్లోకి. ప్లగ్గుకి పోవలసిన నిప్పు దారిలోనే పక్కింటికి పోతోంది. ఎంత అందంగా ఉందో! అట్లా అనకూడదేమో కానీ అందంగా ఉంది.

టార్చ్ వేసి, ఆ నిప్పు ఏ దారిలో నడిచిందో చూశాను. ఎర్రటి చార.

కుంకుమ.

ప్రతి ఆయుధ పూజకీ ఇంజన్‌కి బొట్టు పెట్టేది నేను. ఏడేళ్ళప్పటి నుంచి. జడలున్న ఆ నల్ల మూత నాకు దేవుడి తలలా కనిపించేది, అందుకని పెద్ద బొట్టు దానికే. గంధం, కుంకుమ, నీళ్ళు. పూజ బొట్టు తుడవకూడదు అనేది అవ్వ. అందుకని ఏటా పాతదాని మీదే కొత్తది. పన్నెండు బొట్లు. కారి, ఎండి, చారలు కట్టి. పొద్దుటి తేమకి ఆ చారలు తడిసి కరెంటుకి దారి ఇస్తున్నాయి. ఈ నెల ఒకటో తేదీన పెట్టింది అన్నిటికంటే పెద్దది.

కనిపించిందా పాపా అని అవ్వ సీట్లోంచి అడిగింది.

లేదవ్వా అన్నాను.

అక్టోబర్ 26, సాయంత్రం

పొద్దున అవ్వతో ఆడింది అబద్ధం. సాయంత్రం చెప్పేశాను, నాన్న ముందే. కారును చంపబోయింది నేనే అన్నాను.

నాన్న కాసేపు తల పట్టుకున్నాడు. తర్వాత నవ్వు మొదలుపెట్టాడు. ఆ ముగ్గురు మెకానిక్‌లూ ఆ బొట్టు చూసినారు కదే అన్నాడు. ఒకడైతే దాన్ని ముట్టి కళ్ళకద్దుకొని, పక్కనుండేవన్నీ విప్పినాడంట. బెంగళూరులో ఏ మెకానిక్ తుడుస్తాడప్పా పూజ బొట్టు!

అవ్వ నవ్వలేదు. లేచి వెళ్ళి, తన పాత చీర పీలిక తెచ్చి, స్టూల్ వేసుకొని ఎక్కింది. తుడవద్దన్నది నేను, తుడిచేదీ నేనే అంది. పెదవులు కదులుతున్నాయి, ఏం చెప్పుకుందో నాకు వినపడలేదు. తుడిచాక నావైపు తిరిగి, ఇప్పుడు బొట్టు ఎక్కడ పెట్టాలో చూపించు, నీకు తెలుసు కదా అంది. నాకు తెలుసు! ఎయిర్ ఫిల్టర్ రేకు మూత చూపించాను. అక్కడ కరెంటు లేదు. చిన్నది, పొడిది, ఒక్కటి పెట్టింది.

కుంకుమ పోయింది కానీ దాని కింద మూత మీద నిప్పు కాల్చిన సన్న గీత మిగిలింది. ఆ గీత మీద కూడా కరెంటు పాకుతుంది, కొత్త మూత కావాలి.

అక్టోబర్ 28, మంగళవారం

జె.సి. రోడ్డు, బండ్ల విడిభాగాల అంగళ్ళుండే వీధి. మూడో అంగడిలో దొరికింది. అంగడాయన నన్ను చూసి, ఎవరమ్మా పంపించింది, మీ మెకానిక్‌కి ఫోన్ చేసి ఇవ్వు అన్నాడు. మెకానిక్ నేనే అన్నాను. ఆ మాట నా నోట్లోంచి రావడం నేనే విన్నాను. అట్లనా, అయితే నీ ఇంజన్ ఫైరింగ్ ఆర్డర్ ఎంతో చెప్పు చూద్దాం అన్నాడు. అంటే నాలుగు ప్లగ్గులకీ నిప్పు అందే వరుస. ఒకటి, మూడు, నాలుగు, రెండు అన్నాను, ఎక్కాలు అప్పజెప్పినట్టు. ఆయన మూత దించడానికి నిచ్చెన ఎక్కాడు.

అక్టోబర్ 29, బుధవారం

కొత్త మూత బిగించి, వైర్లు పెట్టి తాళం తిప్పితే ఢాం అంది. వీధిలో కుక్కలన్నీ లేచాయి. పక్కింటి అంజినమ్మగారు కిటికీలోంచి, దీపావళి అయిపోయింది కదే అని అరిచింది. నాన్న గుజరీ మనిషికి ఫోన్ చేసి, ఎనిమిదో తేదీ లారీ సిద్ధంగా పెట్టుకో అన్నాడు. నేను వినాలనే గట్టిగా.

వరుస సరిగానే పెట్టాను. ఒకటి, మూడు, నాలుగు, రెండు. ఏమైంది?

అక్టోబర్ 30, గురువారం

వరుస సరే. మూత లోపల కరెంటు పంచే ముల్లు ఎటువైపు తిరుగుతుందో చూసుకోలేదు. గడియారం తిరిగేవైపే వైర్లు పెట్టుకుంటూ పోయాను. పాత వైర్లు పీకేముందు బొమ్మ వేసుకోవాలి. పన్నెండు రోజులు వానని రాశాను, ఎండని రాశాను, అది మాత్రం రాయలేదు. రాయనిదే తప్పింది.

పొద్దున మూత విప్పి, అవ్వని మళ్ళీ తాళం తిప్పమన్నాను. అవ్వ ఇప్పుడు పిలవకముందే వచ్చి కూర్చుంటోంది. లోపలి ముల్లు గడియారానికి ఎదురుగా, ఎడమవైపుకి తిరిగింది. వైర్లు మార్చాను. చినుకులు పడుతున్నాయి. తాళం తిప్పగానే ఎక్కిళ్ళు లేవు, దగ్గు లేదు. సన్నగా, సమంగా. దానికి మాట వెతుకుతూ అక్కడే నిలబడిపోయాను. చివరికి అవ్వే చెప్పింది, పిల్లి పడుకొని గుర్రు పెట్టినట్టు ఉండాది అని.

నాన్న లుంగీతోనే బయటికి వచ్చాడు. వింటూ నిలబడ్డాడు. లోపలికి పోయి నాకు కాఫీ తెచ్చాడు. నాన్న ఎప్పుడైనా ఎవరికైనా కాఫీ తెచ్చాడా!

నవంబర్ 7, శుక్రవారం

నిన్నే పొగ పరీక్ష పాసైంది. ఈరోజు తెల్లవారినుంచీ తుంపర. ఎనిమిదికి బయల్దేరాం. మైసూరు రోడ్డు ఫ్లైఓవర్ మీద నాన్న రెండు చేతులతో స్టీరింగ్ గట్టిగా పట్టుకున్నాడు. దాటింది. ఆర్టీఓ దగ్గర క్యూలో నలభై నిమిషాలు, వానలో, ఇంజన్ ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తూ. ప్రతిసారీ లేచింది.

ఇన్‌స్పెక్టర్ లైట్లు చూశాడు, బ్రేకు చూశాడు. ఛాసిస్ నంబర్ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దాడు, అంకెలు ఒక్కొక్కటే పైకి తేలాయి. బానెట్ ఎత్తమన్నాడు. ఇంజన్ శుభ్రంగా పెట్టుకున్నారే, ఏ గ్యారేజ్ అని కన్నడలో అడిగాడు. నాన్న నా భుజం మీద చెయ్యి వేసి, ఇదే సార్ అన్నాడు.

ఐదేళ్ళకి రెన్యూవల్. నాన్న అక్కడే నిలబడి గుజరీ మనిషికి ఫోన్ చేసి, లారీ వద్దులే అప్పా, బండి ఖాళీ లేదు అన్నాడు.

నవంబర్ 8, శనివారం

నాన్నది జరీ అంగడి. అక్కడ జరీ కొనే నంజమ్మగారి వ్యాను దొడ్డబళ్ళాపురంలో పది రోజులుగా మూలపడి ఉందట. నేసిన చీరలు మార్కెట్‌కి చేరడం లేదట. మా ఇంట్లో మెకానిక్ ఉండాది, రేపు పంపిస్తాను అని నాన్న నన్ను అడక్కుండానే మాట ఇచ్చేశాడు.

ఆమెకి ఫోన్ చేసి, మీ వ్యాను ఏం చేస్తుందండీ అని అడిగాను. ఏడుస్తాదమ్మా అంది. ఆ మాట ఇంకా నా డైరీలో లేదు.

రేపు పొద్దున ఆరుకి మా కారులో బయల్దేరాలి. ముందు ఏమీ విప్పకూడదు. ఆ ఏడుపు వినాలి.