గోలెం అడుగు

తెల్లాపూర్,
ఆగస్టు 4

ప్రియమైన బిడ్డ హర్షిణికి,

హాస్టల్ ఫోను బాగయ్యేదాకా ఉత్తరాలే రాయమన్నావు కదా, రాస్తున్నాను. నా దస్తూరీ చూసి నవ్వకు.

మనం పాలు పోసే అపార్టుమెంట్లలో నలుగురికి డెంగీ వచ్చింది. సెక్రటరీ రామ్మోహనరావు సార్ మనవరాలు భానుశ్రీ కూడా దవాఖానలో ఉంది. రోజూ సాయంత్రం వచ్చి మన దూడకు గడ్డి పెట్టే పిల్ల. నిన్న సార్ షెడ్డు దగ్గరికొచ్చి, "ఏమీ అనుకోకండి రవీందర్ గారూ, పేడ ఉన్నచోట దోమలుంటాయి. గేదెల్ని ఇక్కణ్ణుంచి తీసేయాలండి" అన్నారు. షెడ్డున్న జాగా కిరాయిది. సార్ మాట విని యజమాని నెలాఖరు దాకా గడువిచ్చాడు. నాలుగు బర్రెలను ఎక్కడికి తోలుకుపోను? అమ్మడమే మిగిలింది.

"దానికి చెప్పకు, చదువు పాడైతది" అంది మీ అమ్మ. చెప్పకుండా ఉండలేకపోయాను. రోజూ వేపాకు పొగ వేస్తున్నాను. దూడ చుట్టూ దోమతెర కట్టాను.

నీ నాయిన,
రవీందర్

వికారాబాద్,
ఆగస్టు 8

ప్రియమైన నాయినకు,

ఫికర్ చేయకు! సైన్సు చెప్పే జ్యోత్స్న మేడంను అడిగాను. డెంగీ దోమ పేడలో, బురదలో పుట్టదట. తేటగా నిలిచిన నీళ్ళలోనే గుడ్లు పెడుతుందట. పూలకుండీల కింది పళ్ళేల్లో, కూలర్లలో, మూలన పడేసిన డబ్బాల్లో. అవన్నీ ఎక్కడుంటాయి? మన షెడ్డులోనా, వాళ్ళ బాల్కనీల్లోనా?

సెక్రటరీ సార్‌కు ఒక ఉత్తరం రాసి దీంతోపాటే పెడుతున్నాను. మూడుసార్లు తిరగరాశాను. "నోరులేని జీవాల మీద నింద మోపే ముందు మీ గడప లోపల వెతకండి" అన్న వాక్యం నాకే ఎంత నచ్చిందో! వెంటనే ఇచ్చెయ్.

మన బర్రెలు ఎక్కడికీ పోవు.

నీ బిడ్డ,
హర్షిణి

వికారాబాద్,
ఆగస్టు 10

ప్రియమైన నాయినా,

ఆ ఉత్తరం ఇవ్వకు.

నిన్న మేడం మా స్నానాల గది వెనక తొట్టిలోంచి నీళ్ళు గాజుగ్లాసులో ముంచి చూపించారు. నిండా దోమపిల్లలు, తోకపురుగులే. "రోజూ కొత్త నీళ్ళు పోస్తున్నాం కదా మేడం" అన్నాను. "పోస్తున్నరు. ఎప్పుడన్న పాతయి తీసిన్రా?" అన్నారు. గుడ్లు తొట్టి గోడకు అంటుకుని ఉంటాయట. నీళ్ళు ఎండినా చావవట. మళ్ళీ తడి తగిలితే పిల్లలవుతాయట. వారానికోసారి పూర్తిగా ఖాళీ చేసి, గోడలు రుద్ది, ఎండబెట్టాలట.

అప్పుడు మన బర్రెలు తాగే సిమెంటు గోలెం గుర్తొచ్చింది. దాని అడుగు కనిపిస్తే పాడి తప్పుతుందని నానమ్మ కాలం నుంచి ఎవ్వరం దాన్ని ఖాళీ చేయలేదు. సగమైతే చాలు, నింపేస్తాం. నేనూ నింపాను. భానుశ్రీ ఆ గట్టు మీదే కూర్చునేది కదా.

చూడు నాయినా. ఏం కనిపించినా నాకు దాచకుండా రాయి.

హర్షిణి

తెల్లాపూర్,
ఆగస్టు 24

ప్రియమైన బిడ్డా,

నీ రెండో ఉత్తరం గురువారం అందింది. సార్‌కు రాసింది మంగళవారమే ఇచ్చేశాను. సార్ చదివి, "మీ అమ్మాయి బాగానే అంటించింది. సరే, శనివారం మీ షెడ్డూ మా బాల్కనీలూ అన్నీ వెతుకుదామండి" అన్నారు.

గురువారం మధ్యాహ్నం అద్దంతో ఎండను గోలెంలోకి మళ్ళించి చూశాను. గోడ పొడుగునా తోకపురుగులు.

మీ అమ్మ బకెట్టు తెచ్చింది. "జల్ది పారబొయ్యి. శనివారం దాక ఎండిపోతది. ఎవలకు ఎర్క?"

బకెట్టు ముంచాను కూడా. కానీ శనివారం సార్ తన ఇంట్లో ఏ కుండీనో చూసి, పాప జబ్బు తనవల్లేనని కుమిలిపోతే? ఆ భారం ఆయన ఒక్కడి నెత్తిన పెట్టడానికి మనసొప్పలేదు. నీళ్ళు ఒక లోటాలో పట్టుకుని బయల్దేరాను. "నీ సత్యం బర్రెలకు మేత వెడ్తదా?" అని మీ అమ్మ వెనకనుంచి అరుస్తూనే ఉంది.

సార్ తలుపు తీశారు. "ఇదేంటండీ?"

"మా గోలెంలయి సార్. పాప కూసునే కాడనే ఉన్నయి."

లోటా అందుకుని చూశారు. తర్వాత నన్ను బాల్కనీలోకి తీసుకెళ్ళారు. అక్కడ ఒక మట్టిగిన్నె బోర్లించి ఉంది.

"పిచ్చుకల కోసం పాప పెట్టుకుందండి. రోజూ నింపేవాళ్ళం. మీ అమ్మాయి ఉత్తరం చదివి నిన్న చూశాను. ఇవే ఉన్నాయి. పారబోసి ఊరుకున్నాను. శనివారం మీ షెడ్డులోనే దొరకాలని..."

ఏ దోమ ఎక్కడ పుట్టిందో ఎవరు చెప్పగలరు?

శనివారం మీటింగులో ముందు ఆయన తన గిన్నె సంగతి చెప్పారు, తర్వాత నేను గోలెం సంగతి. ఆ సాయంత్రం యజమానికి ఆయనే ఫోను చేసి, ఖాళీ చేయాలన్న గడువు తీయించారు. మూడిళ్ళవాళ్ళు మాత్రం మన పాలు మానేశారు. భానుశ్రీ ఇంటికొచ్చింది, ఇంకా నీరసంగా ఉంది.

మీటింగు మర్నాడే గోలెం ఖాళీ చేశాను. అడుగు కనిపించే వేళకు మీ అమ్మ ఇంట్లోకి వెళ్ళిపోయింది. పీచుతో రుద్ది, సాయంత్రం దాకా ఎండబెట్టాను. బర్రెలకు బకెట్లతో నీళ్ళు పెట్టేసరికి నడుం పడిపోయింది.

తెల్లారి మీ అమ్మ పాలు పిండింది. బకెట్టు వెలుతురులోకి తెచ్చి వంగి చూసింది.

"తగ్గలే" అంది.

నీ నాయిన,
రవీందర్