ఒకే పాస్ మీద రెండు పేర్లు

తెనాలి, ఆగస్టు 2011

ప్రియమైన విజయా,

ఫోన్ చేస్తే తెలంగాణ రాష్ట్రం గురించి పోట్లాడుకుంటున్నాం కాబట్టి, అనుకున్నట్టే ఉత్తరం రాస్తున్నాను. రిటైరై దిల్‌సుఖ్‌నగర్ వదిలాక, తమ్ముడింట్లో నాతో మాట్లాడేది టీవీ ఒక్కటే. మీ ఆయన పోయాక నువ్వూ ఒక్కదానివే. స్టాఫ్‌రూంలో కలలుగన్న యూరప్ రైళ్ళు వచ్చే వేసవిలో ఎక్కేద్దాం.

పారిస్, స్విట్జర్లాండ్, వియన్నా, చివరికి బుడాపెస్ట్. ఒక్క పాస్‌తో అన్ని దేశాల రైళ్ళూ ఎక్కొచ్చట. ఇద్దరి పేర్లూ ఒకే పాస్ మీద రాయిస్తే చవక. కాకపోతే ఇద్దరూ కలిసే ప్రయాణం చేయాలి, ఒక్కరే ఎక్కితే చెల్లదు. నాకా షరతే నచ్చింది. ఏజెంటు కార్డు ఇందులో పెట్టాను. సెప్టెంబరు ఇరవై నాలుగున పొద్దుటి రైల్లో వస్తాను. పటం ముందేసుకుని దారి గీద్దాం.

నీ ఇంద్రక్క

మన్సూరాబాద్, సెప్టెంబరు

ప్రియమైన ఇంద్రక్కా,

సమ్మె మొదలైంది, బడికి తాళం పడ్డది. గీ ఇంట్ల పొద్దు పోతలేదు. నువ్వు రాసిన ఊర్లన్నీ పటంల పెన్సిల్‌తోని గుర్తు పెట్టిన. బుడాపెస్ట్ ఏడున్నదో దొరకక జర పరేషానైన.

ఇరవై నాలుగున మాత్రం రాకు. ఆ దినం రైల్ రోకో. మా టీచర్లందరం ఘట్‌కేసర్ల పట్టాల మీద కూసుంటున్నం. తిడ్తవని తెలుసు. స్టాఫ్‌రూంల నా యాసకు ఎంతమంది నవ్విన్రో నువ్వు చూసినవు. నువ్వొక్కదానివే నవ్వలే. కూసోకుండ ఉండలేనక్కా. రైళ్ళు నడిచినంక రా. పాస్ మీద నా పేరు ఉండనియ్యి.

నీ విజయ

తెనాలి, అక్టోబరు

విజయా,

నీ ఉత్తరం నేను తిరిగొచ్చాక అందింది. టీవీలో రైల్ రోకో అంటున్నా, ఎలాగో చేరతాననుకుని ఎక్కాను. ఆలస్యంగా నడిచిన మా రైలు ఘట్‌కేసర్‌లో ఆగిపోయింది. కిటికీలోంచి చూస్తే పట్టాల మీద బతుకమ్మ ఆడుతున్నారు. వాళ్ళలో ఆకుపచ్చ చీర కట్టుకుని నువ్వు. మీ ఆయన పోయాక నీ మొహంలో అంత నవ్వు నేను చూడలేదు. పిలుద్దామని నోరు తెరిచి మూసేశాను. నువ్వు ఒంటరిగా ఉన్నావనే కదా నేను బయల్దేరింది. ఒంటరిదాన్ని నేనే. రైలు వెనక్కి తిప్పితే దాంతోపాటే వచ్చేశాను.

నీమీద కోపం లేదు. ఉందిలే, అబద్ధమెందుకు. ఏజెంటుకి చెప్పి నీ పేరు తీయించాను. మే నెలలో నా పాస్ మీద నేను వెళతాను. నీ వాళ్ళతో సంతోషంగా ఉండు.

ఇంద్రాణి

మన్సూరాబాద్, నవంబరు

ప్రియమైన ఇంద్రక్కా,

పిలిస్తే ఏం పోయేది? ఉరికొచ్చి నిన్ను దింపుకొని, పక్కన కూసోబెట్టుకొని మల్ల కూసుంటుంటి.

ఆ దినం నవ్విన, నిజమే. ఇంటికొచ్చి తాళం తీస్తే మల్ల నేనొక్కదాన్నే. ఉత్తరం అందక ఒస్తవేమోనని నీ మంచం మీద ఉతికిన దుప్పటి ఏసి పెట్టిన. ఇంకా తియ్యలే.

నీ ఏజెంటుకు ఫోన్ చేసిన. నాకు వేరే పాస్ కావాలె, అక్క ఎక్కే రైళ్ళే, అదే పెట్టెల ఎదురు సీటు అని చెప్పిన. పాసులు వేరైతే ఒక్కతాన కూసోనియ్యరా అని అడిగిన. గట్ల రూలేం లేదమ్మా, జర ఖర్చెక్కువైతది గంతే అన్నడు. కానియ్యి అన్న.

నీ కోపం పోకుంటే మాట్లాడకు. బుడాపెస్ట్ దాకా కిటికీలకెల్లి చూసుకుంట కూసో. నేను ఎదురుంగనే ఉంట.

నీ విజయ