లవంగాల పొట్లంలో మద్రాసు విమానం

శ్రీకాకుళం,
ఫిబ్రవరి 6, శుక్రవారం.

చి. ఝాన్సీకి అమ్మ దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మీ నాన్న, తాతయ్య, నేను, మన కొట్టు అందరం కులాసా. కొట్టుకి కులాసా ఏమిటని నవ్వకు. పొద్దున్న తలుపు తీసేసరికి పదిమంది నిలబడి ఉన్నారంటే అది కులాసాగా ఉన్నట్టే. నువ్వూ వేళకు తిని, వేళకు పడుకుని బాగున్నావనే తలుస్తాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. చేతిలో ఫోనుండగా ఈ ఉత్తరాలేమిటని మీ నాన్న సణుగుతూనే ఉన్నారు. కవర్లూ స్టాంపులూ దాచుకునే పిచ్చి మీ తాతయ్య నుంచి నేరుగా నీకొచ్చింది, మధ్యలో ఈయనకి అంటలేదు. నువ్వు చెప్పినట్టే కవరు నేనే పట్టుకెళ్లి, స్టాంపు మీద ముద్ర నిండుగా పడేదాకా పోస్టాఫీసు కౌంటరు దగ్గర్నుంచి కదలడం లేదు. "ఏటమ్మా, ముద్ర సరిగ్గా పడకపోతే మీ పిల్ల ఉత్తరం సదవదేటి?" అన్నాడు పోయినసారి అక్కడి గుమస్తా. "సదవదు. నెమ్మదిగా కొట్టు బాబూ" అన్నాను. కొట్టాడు. పాపం మంచివాడే. నాన్న మోకాలి సంగతి అడిగావు. నూనె రాస్తే తగ్గిందంటారు, బస్తా ఎత్తితే మళ్లీ పట్టేసిందంటారు. అందుకని బస్తాలు ఎత్తడం మానిపించాను.

"తాతయ్య ప్రయాణం గురించి నీకు తెలిసినంత రాయమ్మా, ఇరవై రెండో తారీఖున మా స్టాంపుల సంఘం ప్రదర్శనలో చదువుతాను" అని రాశావు. నాకు తెలిసిందంతా కోడలిగా వచ్చిన కొత్తలో ఆయన నోట విన్నదే. 1954లో ఆయనకి పంతొమ్మిదేళ్లు. ఇక్కడ ఒక ఖద్దరు వర్తకుడి దగ్గర పనికి ఉండేవారు. పొందూరు బట్ట మూటలు తీసుకుని రైల్లో మద్రాసు వెళ్లారు. సరుకు దించేలోపే, అందులో రెండు మూటలు రేపటికల్లా ఢిల్లీ ఎగ్జిబిషన్‌కి చేరాలని తంతి వచ్చింది. రైలెక్కితే అందదు. అక్కడి షావుకారు ఈయన్ని మూటలతో సహా రాత్రి టపా విమానం ఎక్కించేశాడు. ఆ రోజుల్లో మద్రాసు, బొంబాయి, కలకత్తా, ఢిల్లీ నుంచి నాలుగు విమానాలు టపా సంచులతో బయలుదేరి అర్ధరాత్రికి, ఇప్పుడు నువ్వుంటున్న నాగపూర్‌లోనే కలిసేవి. సంచులు ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి మార్చుకుని, తెల్లారేసరికి ఎక్కడివక్కడికి వెళ్లిపోయేవి. ఖాళీ ఉంటే మనుషుల్నీ ఎక్కించుకునేవారు. మీ తాతయ్య నాగపూర్‌లో మద్రాసు విమానం దిగి, ఢిల్లీ విమానం ఎక్కారు. మళ్లీ వచ్చింది రైల్లోనే. ఆయన జన్మ మొత్తం మీద విమానం ఎక్కింది ఆ ఒక్క రాత్రే.

ఊళ్లో ఒక్కరు నమ్మితే ఒట్టు. "ఒకే సోట, ఒకే ఏలకి, అర్ధరేత్రి నాలుగు ఇమానాలా? సంతేటి?" అని బజారంతా నవ్వేదట. 'ఇమానం ఎంకటరావు' అని పేరు పెట్టేశారు. ఆయనకి పౌరుషం వచ్చింది. ఎక్కడెక్కడి టైంటేబిళ్లూ, విమానాల బొమ్మలూ, పేపరు ముక్కలూ తెప్పించి ఒక పెద్ద పుస్తకంలో అంటించడం మొదలుపెట్టారు. మొదటి పేజీలో ఆ టిక్కెట్టు. కొట్టుకి వచ్చే పిల్లల్ని ఆపి ప్రశ్నలు అడిగేవారు. "కరాచీ నుంచి రంగూను దాకా నీటిమీద దిగే ఇమానం ఎల్లీది కదా, అలహాబాదులో ఏ నదిమీద దిగీది?" యమున అంటే బెల్లం ముక్క. కలకత్తాలో హుగ్లీ అని కూడా చెబితే ఇంకో ముక్క. అబద్ధంలా వినిపించే నిజాలే ఏరుకుని మరీ అడిగేవారు. ఆ బెల్లం ఈ ఊళ్లో అందరికంటే ఎక్కువ తిన్నది నువ్వే కనుక ఇంతకంటే నేను రాయక్కర్లేదు.

ఇక కింద రెండు గీతలు గీసి మరీ నువ్వడిగిన ప్రశ్న. "ఆ పుస్తకం మొత్తం చెదలు తినేసిందా, ఒక్క ముక్కయినా మిగల్లేదా? కాగితం ఆధారం లేకపోతే సంఘం వాళ్లు తాతయ్య కథని పెట్టనంటున్నారు" అన్నావు. ఈ జవాబు రాయడానికే కూర్చున్నాను. ఇంతసేపూ మోకాళ్లూ ముద్రలూ రాసుకుంటూ వచ్చానంటే ధైర్యం కూడగట్టుకుంటున్నానన్నమాట.

చెదలు తినలేదు ఝాన్సీ. నేను కత్తిరించాను.

డిసెంబర్లో జరిగింది. ప్లాస్టిక్ కవర్లు మానేశాక మళ్లీ కాగితం పొట్లాలే కడుతున్నాం కదా, పాత కాగితాలు ఎన్ని తెచ్చినా చాలడం లేదు. దానికి తోడు బజార్లో ఎవర్ని కదిపినా మన పక్కన కొత్తగా వస్తున్న భోగాపురం విమానాశ్రయం మాటే. ఆ రోజు కొట్టు నిండా జనం. పెళ్లి సరుకులకి వచ్చిన పెద్ద బేరం ఒకటి నిలబడి ఉంది. అంతలో ఎవరో తాతయ్యని పట్టుకుని, "ఏటి ఎంకటరావూ, బోగాపురంలో కూడా నాలుగిమానాలు ఒక్కసారే దిగుతాయేటి?" అన్నారు. అందరూ ఘొల్లుమన్నారు. ఆ పెళ్లివారూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. మధ్యాహ్నం కాగితాల కోసం నిచ్చెన వేసి అటక ఎక్కాను. చేతికి ఆ పుస్తకమే తగిలింది. కింద నిచ్చెన పట్టుకుని నిలబడ్డది తాతయ్యే. "ఆ కట్ట వొద్దు తల్లీ" అన్నారు. నేనేమన్నానో తెలుసా? "ఈ అబద్దాల పుస్తకం వల్లే కదా మావయ్యా ఊరంతా మనల్ని సూసి నవ్వుతన్నాది. పొట్లాలకైనా పనికొస్తాది" అన్నాను. ఆయన కళ్ల ముందే కూర్చుని ఒక్కో పేజీని నాలుగు ముక్కలు చేశాను.

ఆ ముక్కల్లో లవంగాలూ వామూ నేను కట్టి ఇస్తుంటే ఆయన చూస్తూ కూర్చున్నారు. ఆ రోజు నుంచి ఏ పిల్లనీ పిల్లవాణ్నీ ప్రశ్న అడగలేదు. అలవాటు కొద్దీ వచ్చి నిలబడితే, ఊరికే ఒక బెల్లం ముక్క చేతిలో పెట్టి పంపేస్తున్నారు.

తర్వాత జనవరిలో నువ్వు ఫోన్ చేసి పుస్తకం అడిగావు. ఫోను తాతయ్యే నా చేతిలోంచి తీసుకుని, "సెదలు తినీసినాయమ్మా. అటక మీద తడి. ఎవలి తప్పూ కాదు" అన్నారు. కాటా పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను. ఆయన నా వైపు చూడనైనా లేదు. తిట్టినా ఇంత సిగ్గుపడేదాన్ని కాదు.

మర్నాడే వెతుకులాట మొదలుపెట్టాను. పొట్లాల కాగితాల కట్టలో తొమ్మిది ముక్కలు మిగిలాయి, టిక్కెట్టు అందులో లేదు. ఎవరికి ఏ సరుకు కట్టానో నాకు గుర్తుంటుంది, అది నీకు తెలుసు. మధ్యాహ్నం కొట్టు మూసే మూడు గంటలూ చెప్పులరిగేలా తిరిగాను. చాలావరకు పొయ్యిలోకీ చెత్తబండిలోకీ పోయాయి. కొందరు వేళాకోళం చేశారు. "పొట్లం కాయితం వాపసు అడగతన్నావేటి కన్యాకుమారీ, సరుకూ వాపసు ఇచ్చీమంటావా?" అన్నాడు ఒకాయన. "సరుకు నీది, కాయితం నాది, తియ్యి" అన్నాను. వాళ్లింటి చెత్తబుట్ట నేనే బోర్లించాను. దొరకలేదు.

పదకొండో రోజున బాప్టిస్టు చర్చి పక్కన ఉండే జ్ఞానసుందరి టీచరుగారింటికి వెళ్లాను. నీకు ఐదో తరగతి చెప్పినావిడే. క్రిస్మస్ వంటలకి లవంగాలు తీసుకెళ్లింది. నేను అడగడం పూర్తికాకుండానే లేచి పాటల పుస్తకం తెచ్చింది. "పొట్లం కాయితం సదవకుండా పారీడం నా వల్ల కాదమ్మా. ఇంత పాత అచ్చు చూసి దాసినాను" అంది. పాటల మధ్యలో మన పేజీ ముక్క. దాని మీద అంటించిన టిక్కెట్టు సగం. మద్రాసు టు నాగపూర్ అని ఇంగ్లీషు అక్షరాలు, కొంచెం లవంగాల వాసన. నేను గబగబా దాన్ని కొంగున ముడేసుకోబోయాను. ఆవిడ మాత్రం టీచరే కదా, "ఊరు ఉన్నాది, పేరు లేదు. పేరున్న ముక్క ఎవలికి కట్టినావు?" అని నిలదీసింది.

కళ్లు మూసుకుని ఆలోచించాను. ఆ ముక్క తర్వాత ముక్కలో వాము కట్టాను. తీసుకున్నది పొందూరు జగ్గమ్మ, రాట్నం వడికే ముసలామె, నెలకోసారి బ్యాంకు పనికి వచ్చి మన కొట్లో సరుకులు కొనుక్కుపోతుంది. మర్నాడే బస్సెక్కాను. జగ్గమ్మ వీధి అరుగు మీద దూది ఏకుతోంది. అక్కడ పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు కదా, ఆ పళ్లు చెడకుండా పని అయ్యాక దేనిలోనైనా చుట్టి దాచుకుంటారు. ఆమె దవడ చుట్టుకున్నది మన కాగితంలోనే, తాతయ్య పేరున్న ముక్కలోనే! "గట్టి కాయితమమ్మా, సిరగలేదు. ఇప్పుడిమ్మంటే నా దవడకేటి సుట్టుకోను?" అని బేరం పెట్టింది. సంగతంతా చెప్పాను. పొందూరు బట్ట విమానమెక్కి ఢిల్లీ వెళ్లిందనగానే దూది వదిలేసింది. "మా బట్ట ఇమానమెక్కినాదా! ఇన్నాళ్లూ ఎవలూ సెప్పలేదేటి?"

"సెప్పినారమ్మా. మనమే వినలేదు" అన్నాను. నా చెంగు చింపి ఇస్తానన్నాను గానీ ఆమె ఒప్పుకోలేదు. వేరే గుడ్డ తెచ్చుకుని చుట్టుకుంది.

బుధవారం ఆ రెండు ముక్కలూ కొట్లో బల్ల మీద తాతయ్య ముందు పెట్టాను. "మావయ్యా, తప్పు సేసినాను. నన్ను మన్నించండి" అన్నాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని, రెండు ముక్కల్నీ దగ్గరికి జరిపి, తన పేరు మీద వేలు పెట్టి అక్షరం అక్షరం చదువుకున్నారు. నేను నీ ఉత్తరం తీసి, ఆయన్ని అడగమని నువ్వు రాసింది అడిగాను. మద్రాసులో ఎక్కింది రెండింజన్ల డకోటానా, నాలుగింజన్ల స్కైమాస్టరా?

"డకోటా" అన్నారు. "తలుపు తోక కాడ ఉంతాది. నేలమీదున్నప్పుడు తోక కిందకీ ముక్కు పైకీ ఉంతాది. తలుపులో అడుగెట్టినాక ఎదరకి కొండెక్కినట్టు నడవాల. రెండు మూటలూ పైకి లాగలేక నానక్కడే కూలబడిపోనాను. ఒక దొర వచ్చి ఒక మూట అందుకున్నాడు."

"డకోటా అంటే లోపల నడక ఎలా ఉండేదో అడుగు, స్కైమాస్టర్ అయితే నేల సమంగా ఉంటుంది" అని నువ్వు రాశావు. నేను నడక మాట ఎత్తనే లేదు ఝాన్సీ. ఆయనంతట ఆయనే చెప్పారు. అది టైంటేబిలు చూసి చెప్పే మాటేనా అని మీ సంఘం వాళ్లని అడుగు. టిక్కెట్టు దొరక్కపోయినా ఆ ఒక్క మాట చాలు. మేమెవరమూ ఇన్నేళ్లలో ఒక్కసారైనా ఆయన్ని అది అడగలేదు, అదీ సంగతి.

చివరికి ఉండబట్టలేక అడిగాను, "సెదలని ఎందుకు సెప్పినారు మావయ్యా?" అని.

ఆయన నవ్వారు. "నువ్వు సిన్నబోతావని. అయినా సూడు కోడలా, డెబ్బై ఏళ్లు నిజం సెప్తే ఎవలూ నమ్మలేదు. ఒక్క అబద్దం ఆడితే అందరూ టక్కున నమ్మీసినారు."

నాకు ఏడుపు ఆగలేదు. కొట్లో బేరాలున్నా ఆగలేదు.

అందుకని ఇప్పుడు నేను చెప్పేది విను. ఇరవయ్యో తారీఖున తాతయ్యని తీసుకుని నేను నాగపూర్ వస్తున్నాను. విశాఖలో విమానం ఎక్కి, హైదరాబాదులో మారతాం. టిక్కెట్లు తీసేశాను. డాక్టరుగారిని అడిగాను, సరేనన్నారు. "తొంభై దాటిన మనిషిని తీసుకుని అంత దూరమా" అని మీ నాన్న అంటున్నారు. పంతొమ్మిదేళ్లప్పుడు రెండు మూటలతో ఒక్కరే వెళ్లిన మనిషి, ఇప్పుడు మూట ఎత్తడానికి నేనున్నాను అన్నాను. నాలుగు రోజులు కొట్టు మీ నాన్నే చూసుకుంటారు. ఆ టిక్కెట్టు ముక్కల్ని నువ్వు అతికించకు. అద్దం కింద రెంటినీ విడివిడిగానే పెట్టు. మధ్యలో నా కత్తెర గీత కనపడాలి. అదేమిటని ఎవరైనా అడిగితే నువ్వు జవాబు చెప్పకు. నేనే లేచి నిలబడి, తెలుగులోనే చెప్తాను. నువ్వు వాళ్లకి హిందీలో చెబుదువుగాని. తిరిగొచ్చాక ఇదే మాట మన బజార్లో కొట్టు మెట్ల మీద నిలబడి ఇంకోసారి చెప్తాను.

ఈ ఉత్తరం మొదలుపెట్టేముందు ఇవాళ పొద్దున్న జరిగిన సంగతి ఒక్కటి రాసి ముగిస్తాను. జీలకర్ర తూస్తుంటే తాతయ్య పిలిచారు. "కోడలా, ముప్పై రెండులో కరాచీ నుంచి తొలి టపా ఇమానం వచ్చి అమదాబాదులో దిగినాది కదా. దానికి పెట్రోలు ఏటి మీద తెచ్చినారు?"

"ఎడ్లబండి మీద, మావయ్యా" అన్నాను.

డబ్బా మూత తీసి బెల్లం ముక్క నా చేతిలో పెట్టారు. ఈ కొట్లోకి వచ్చి ఇరవై ఎనిమిదేళ్లయింది, ఆయన నన్ను ప్రశ్న అడగడం ఇదే మొదటిసారి. కాటా పక్కన పెట్టి, అక్కడే నిలబడి తిన్నాను.

ఇట్లు,
ఆ కాగితాన్ని కత్తిరించిందీ వెతికిందీ తానే అయిన
మీ అమ్మ,
కన్యాకుమారి.