గోవిందమ్మాళ్ మూడో వాయ

తాసిల్దారు అయ్యగారి సముఖమునకు, సింగానల్లూరులో మోటారు కాయిళ్ళు చుట్టే రంగసామి రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: గోవిందమ్మాళ్ ఇడ్లీలకు హద్దు ఏదీ లేదని ముద్ర వేసిన కాగితం ఇప్పించుట గురించి.

మిల్లు వెనక వీధిలోని గోవిందమ్మాళ్ ఇడ్లీ కొట్టు పొద్దున ఏడున్నరకే మూతపడుతున్నదని యావన్మందికీ, ముఖ్యంగా తమకూ ఇందుమూలముగా తెలియజేయడమైనది. తమరి ఇంట్లోనూ మన మాటే అని మీ ప్యూను చెప్పాడు గనుక, మా అవ్వ నేర్పిన అక్షరాలతో తెలుగులోనే రాస్తున్నాను. నా బడి ఆరో తరగతితో సరి.

1. పోయిన నెల సదరు కొట్టులో మా పంపుసెట్టు కంపెనీ యజమాని, అదే మా ముదలాళి, కల్యాణసుందరం నా పక్కన తింటున్నాడు. మూడో కారు కొన్నాడు. కూలి పెంచమంటే మాత్రం "చూద్దాం" అంటాడు. ఆయన గొంతులో ఇడ్లీ అడ్డం పడితే చూడాలని, పేపరు పట్టుకుని గట్టిగా చదివాను: "ఇకమీద ఎవరి వరుమానానికైనా సర్కారు హద్దు పెడతాది. దాటిన సొమ్మంతా ఖజానాకే."

2. ఆయన ముఖం సున్నంలా తెల్లబడింది.

3. అయితే పొయ్యి దగ్గరున్న గోవిందమ్మాళ్ కూడా విన్నది. "ఎంతదాకా రా?" అని అడిగింది. నా నోరు ఊరుకుంటుందా? "నీకు రెండు వాయలు అత్తా. మూడో వాయ దించితే అది సర్కారుదే" అన్నాను. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదని నేను గమనించలేదు. కొట్టు ఉన్నది పొరంబోకు నేలలో; సర్కారు అంటేనే ఆమెకు వణుకు. మరునాటి నుంచి రెండు వాయలు దించగానే పొయ్యి ఆర్పేస్తున్నది. షిఫ్టు దిగి వచ్చేవాళ్ళకు చేతులు జోడించి పంపేస్తున్నది.

4. మధురైలో కంటి ఆపరేషన్‌కు ఆమె కూడబెట్టేది ఆ మూడో వాయ డబ్బే. ఇప్పుడు ఆపరేషన్ ఆగింది. మొన్న ఎదురుగా నిలబడితే నన్ను "రా పాండియా" అన్నది. పాండియన్ ఆమె తమ్ముడు, పళనిలో ఉంటాడు.

5. నిజం చెప్పి చూశాను.

"అత్తా, ఆ మాట నేనే కట్టినాను. అట్లాంటి చట్టమే లేదు."

"పోరా! నీవు ఎన్నడు నిజం చెప్పితివి? ఆ దినం ఒక్కటే పేపరు చూసి చెప్పినావు. ఇప్పుడు నన్ను పట్టియ్యను వచ్చినావా? ముద్ర ఉండే కాగితం తే, అప్పుడు పిండి రుబ్బుతా."

6. సంపాదనకు హద్దు ఉండాలా వద్దా అని పెద్దలు వాదించుకుంటున్నారు. ఉండాలనే నా మాట. మూడు కార్లవాడు ఒక కారుతో బతకలేడా? కాని అలాంటి చట్టం వచ్చిననాడు దయచేసి మైకులో చెప్పించకండి. మా అత్తలాంటివాళ్ళు ముందు పొయ్యి ఆర్పేస్తారు.

కావున వీధివాళ్ళ సంతకాలు జతపరచి వేడుకోవడమేమనగా, ఆ కాగితం మీద ముద్రను ఆమె వేలికి తగిలేంత గట్టిగా గుద్దించి ఇప్పించవలెను.

తమ విధేయుడు,
రంగసామి

మరొక మాట: రెండో నంబరు కట్టుకథ. ముదలాళి నవ్వి, "మా ఆడిటర్ చూసుకుంటాడు, చట్నీ వెయ్యి" అన్నాడు. ఆనాడు నా చేతిలోని పేపరులో ఉన్నవి మేట్టుపాళయం కాయగూరల ధరలు. వీధివాళ్ళ సంతకాలన్నీ నేనే పెట్టాను. కన్ను సంగతి మాత్రం కట్టింది కాదు. ఉర్లగడ్డ, అదే బంగాళాదుంప, కోసి ముద్ర నేనే చేయగలను, ఆమెకు తేడా కనబడదు. పొద్దున గడ్డ కోశాను కూడా. సిరా అద్దలేకపోయాను.