అగ్నిపర్వతం నోట్లో తెగిన తీగ

పోర్ట్ బ్లెయిర్,
12-2-2008

నాన్నగారికి,

ప్రభువు పేరిట వందనములతో మధుబాబు రాయునది. నేను ఇక్కడ క్షేమం. మీరూ అమ్మా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ఉత్తరం ఎవరు తెస్తే వారి చేతే చదివించుకోవడం మీకు అలవాటు కదా. ఇది తెచ్చి చదువుతున్న గంగరాజు గారు మా ఓడలో తీగ చుట్టే యంత్రం నడిపే మనిషి. ఊరు ముదినేపల్లి. అమ్మను చేపల పులుసు పెట్టమనండి, ఆయనకు ఇష్టం.

సముద్రం అడుగున అగ్నిపర్వతమైతే నీళ్లకు ఆరిపోదా అని పోయిన ఉత్తరంలో అడిగారు. ఆరదండీ. దాని నోరు మన ఊరి చెరువుకు పదింతలుంది. మనుషులం దిగం. పొడవాటి తీగకు కెమెరా కట్టి దింపి, నేను ఓడలో టీవీ ముందు కూర్చుని నడుపుతాను. రాళ్ల సందుల్లోంచి వేడినీళ్లు పొగలా లేస్తుంటే పక్కనే తెల్లటి పీతలు తిరుగుతున్నాయి. కొల్లేటి పీతల్లాగే అడ్డంగా.

వాటి వెంట పోయే తప్పు చేశాను. తీగ రాతికి పట్టుకుంది. కొల్లేట్లో వల గుంజకు తగిలితే మీరు తాడు వదులు చేసి పడవ వెనక్కి తిప్పేవారు. గంగరాజు గారూ ఫోనులో అదే చెప్పారు. "బిగుస్తోందండి బాబూ, వెనక్కి రండి." "ఒక్క నిమిషమండీ" అని నేను ముందుకే పోనిచ్చాను. తీగ తెగి, కెమెరా అక్కడే ఉండిపోయింది.

ఆయన ముందే హెచ్చరించారా అని విచారణలో నన్ను అడిగారు. లేదన్నాను, నాన్నా. ఆయన నా వైపు ఒకసారి చూశారు. తప్పు ఆయనదేనని ఓడ దింపేశారు. సామాను సర్దుకుంటూ, "మీ నాన్నగారికి ఏమన్నా పంపుతారా అండి? భీమడోల్లో దిగి ఇచ్చే వెళ్తాను" అన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను.

గంగరాజు గారూ, ఆపకండి, చదవండి. జరిగింది జరిగినట్టు రాసి సంతకం పెట్టాను. మీరిది చదివేసరికి అసలు కాగితం పెద్దాఫీసరు బల్ల మీద ఉంటుంది. నకలు ఈ కవర్లోనే ఉంది, అది మీది. నేను మాట తప్పినా మీకది చాలు. మీ మొహం చూసి చెప్పలేక, మా నాన్న ముందు మీ నోటితోనే చెప్పిస్తున్నాను. ఇదీ పిరికితనమే.

నాన్నా, ఆయన లేచి వెళ్లిపోతే బతిమాలకండి. కూర్చుంటే మాత్రం ముందు అన్నం పెట్టించండి.

ఇట్లు,
ఆయన మీద అబద్ధమాడిన మీ కొడుకు,
మధుబాబు