ఒక రాత్రి ఆరవలసిన ట్యాంకు

ఆగస్టు 4, సోమవారం
కాలేజీల డిబేట్ ఫైనల్ గెలిచాను. మూడో వరుస చివరి కుర్చీ మాత్రం చివరిదాకా ఖాళీ. నాన్న రాలేదు.
అమీర్‌పేట హాలు మెట్లు దిగుతుండగా అమ్మ ఫోన్ — "పంజాగుట్ట దవాఖానకు రా బిడ్డా. షెడ్డుల మీ నాయిన ట్యాంకులనే పడిపోయిండు."
నల్లకోటు విప్పకుండానే ఎమర్జెన్సీ గుమ్మం ముందు నిలబడ్డాను.

ఆగస్టు 5
స్పృహ వచ్చింది. చేతులు వణుకుతున్నాయి, చెంచా నిలవదు. నరాల సంగతి, కాలేయం సంగతి ఇప్పుడే చెప్పలేమంటున్నారు.

నాన్న పని నాకు తెలుసనుకునేదాన్ని. ఇనుప ట్యాంకు అడుగున సాల్వెంట్, అంటే జిడ్డు కరిగించే ద్రవం, మరుగుతుంది. లేతు మిషన్ల నుంచి జిడ్డుతో వచ్చిన విడిభాగాలను జాలీబుట్టలో దించితే, చల్లటి లోహం మీద ఆవిరి చెమర్చి జిడ్డును కడిగేస్తుంది. అడుగున మడ్డి పేరుకుంటుంది. నెలకొకసారి ఎవరో ఒకరు దిగి గోకాలి. దిగే ముందు సాల్వెంట్ తోడేసి, ఒక రాత్రంతా మూత తీసి ఆరనిచ్చి, బ్లోయర్‌తో గాలి కొట్టాలి. ఆ ఆవిరి గాలికన్నా బరువు. అడుగునే పడుకొని ఉంటుంది.

నాన్నతో కలిసి పనిచేసే యాదగిరన్న వచ్చాడు. తల ఎత్తలేదు.
"పొద్దుగాల తోడిండు, రెండింటికే దిగిండు. లోపల ఊగుతుంటే, తాగకుండనే ఎక్కిందిరా అని నవ్వినం చెల్లె. మాకు రోజు ఉండేదే గదా..."
బ్లోయర్?
"ఖరాబై మస్తు దినాలైంది. గీ మాట నేనన్ననని ఎక్కడ అనకు."

ఆగస్టు 6
ఫ్యాక్టరీ మేనేజరు వచ్చాడు — యాపిల్ పండ్లు, నాన్న పేరుతో టైపు చేసిన కాగితం. "నియమాలు తెలిసియుండియు, ఎవరి ఆదేశమూ లేకుండా, నా అంతట నేనే దిగితిని." సంతకం చేస్తే ప్యాకింగ్‌లో కూర్చుని చేసే పని ఇస్తారట.
ఆ నియమాలు ఏ గోడ మీద ఉన్నాయి? బ్లోయర్ ఏది? తాడు పట్టుకొని పైన నిలబడవలసిన మనిషి ఎవరు? — అడిగాను.
"ఏంటమ్మా, ఇదేమన్నా మీ కాలేజీ పోటీ అనుకున్నారా? ఇక్కడ మార్కులేసే వాళ్ళెవరూ లేరు."
కాగితం చించబోయాను. నాన్న చేయి అడ్డుపెట్టాడు.
"ఆగు బిడ్డా. అండ్ల అబద్ధమేమున్నది? నేనే గదా దిగింది."

ఆగస్టు 7
అబద్ధాన్ని ఖండించగలను. అబద్ధానికి కాపలా కాసే నిజాన్ని ఖండించడం ఎవరూ నేర్పలేదు.

ఆగస్టు 8
కోటు ఉతకడానికి తీసిన అమ్మ ముక్కు మూసుకుంది. ప్రతి పోటీకి ముందురోజూ నాన్న చిన్న సీసాలో సాల్వెంట్ తెచ్చి, గుడ్డతో కాలరు మురికి తీసేవాడు. ఆ తీపి వాసన ఇన్నేళ్ళూ నాకు గెలుపు వాసన. సోమవారం అదే వాసన నాన్న జుట్టులోంచి వచ్చింది.
సీసా ఇంకా ఇంట్లోనే... అలమర పైన.

ఆగస్టు 9, శనివారం
అడిగేశాను. ఒక్క రాత్రి ఆగలేకపోయావా నాన్నా?
కిటికీలోంచి ఫ్లైఓవర్ మీది బస్సులు చూస్తూ అన్నాడు.
"మడ్డి తీసినంకనే పొమ్మన్నడు సూపర్‌వైజరు. నాలుగింటికన్న బయటపడాలె గదా."
అది ఆదేశమే నాన్నా!
"పొమ్మన్నడు. దిగుమనలే."
నాలుగింటికి ఎక్కడికి పోదామని?
"నువ్వు మాట్లాడేది ఒక్కసారన్న ఎదురుంగ కూసోని ఇందమని."

ఫైనల్‌కు ముందురోజు ఆదివారం, బోరబండలో మా ఇంట్లో, అన్నం ముందు, అన్నది నేనే — అందరి నాన్నలూ వస్తారు, నువ్వొక్కడివే ఇంతవరకూ వేదిక మీద నా గొంతు వినలేదు.

ఆగస్టు 10, ఆదివారం
కార్మికశాఖ అధికారి రేపు పదింటికి వస్తారు. ఫిర్యాదు ఫారం నేనే నింపుతున్నాను. నాన్న వేళ్ళు కలం పట్టవు; మేనేజరు కాగితం కూడా ఇంకా సంతకం లేకుండానే ఉంది. మాస్కు లేదు, రాశాను. తాడు లేదు, రాశాను. బ్లోయర్ చెడిపోయి ఉంది, రాశాను. సాక్షి గడి ఖాళీ. యాదగిరన్న ఫోన్ ఎత్తడం లేదు.
ఇంకొక గడి. ఎందుకు దిగవలసి వచ్చింది?
"ఏది రాస్తే గది. ఏలిముద్ర ఏస్త" అంటున్నాడు.
సూపర్‌వైజరు దిగమన్నాడు — గెలుస్తాం. నాన్న అనని మాట మీద నాన్న వేలిముద్ర.
కూతురి పోటీ వినడానికి — నిజం. సొంత పని కోసం దిగాడని మేనేజరు నవ్వుతూ చదువుకుంటాడు.
పని ముగిస్తేనే పంపుతామన్నారు — ఇదీ నిజమే. కానీ ఎక్కడికి పోవడానికి, అన్న మరుప్రశ్న వస్తుంది. ఎదుటి పక్షంలో ఉంటే నేనైతే అదే అడుగుతాను.
మంచం మీది నుంచి నాన్న — "రాసినవా బిడ్డా?"
ఆ గడి ఖాళీ. కలం మూత తీసే ఉంది.